సీఆర్‌పీ 14

డిగ్రీ కళాశాలలో జీవరసాయన శాస్త్రం బోధించే నాకు సి-రియాక్టివ్ ప్రోటీన్ (సీఆర్‌పీ) పాఠం కొత్తది కాదు. 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిలెట్, ఫ్రాన్సిస్ దానిని న్యుమోనియా రోగుల రక్తంలో గుర్తించారనీ, ఒంట్లో ఇన్‌ఫెక్షన్ వంటిది మొదలైనప్పుడు రోగనిరోధక కణాలు పంపే ఇంటర్‌ల్యూకిన్-6 అనే సంకేతం అందగానే కాలేయం దానిని తయారుచేస్తుందనీ, అది బ్యాక్టీరియాకూ చచ్చిన కణాలకూ అతుక్కుని తెల్లకణాలకు వాటిని పట్టిస్తుందనీ ఏటా చెబుతాను. రక్తంలో దాని పెరుగుదల తెలియడానికి ఆరు గంటలైనా పడుతుందనీ, పూర్తిగా పెరిగేసరికి రెండు రోజులవుతుందనీ కూడా చెబుతాను.

నిరుడు శ్రావణంలో ఒక సాయంత్రం, నడుముకు కుడిపక్కన నొప్పితోపాటు పళ్లు టకటకలాడే చలి పుట్టి, రెండు దుప్పట్లు కప్పినా మంచం కదిలేంతగా వణికాను. గంటన్నరకల్లా దగ్గరలోని క్లినిక్‌లో రక్తం ఇస్తే సీఆర్‌పీ లీటరుకు 14 మిల్లీగ్రాములని వచ్చింది. పదిలోపు ఉండవలసినదే గనుక కొంచెం ఎక్కువని, వైరల్ జ్వరమై ఉంటుందని పారాసెటమాల్ ఇచ్చి పంపారు. వారినేమనగలను? "ఇంకో ఆసుపత్రికి వెళ్దామా?" అని మా ఆయన అడిగితే, "సీఆర్‌పీ తక్కువే ఉంది లెండి" అని పడుకున్నది నేనే.

తెల్లవారేసరికి మాట తడబడింది, మూత్రం ఆగిపోయింది. పెద్ద ఆసుపత్రికి చేర్చేటప్పటికి రక్తపోటు 80/40. మూత్రపిండంలో మొదలైన ఇన్‌ఫెక్షన్ ఒంట్లోని అవయవాలనే దెబ్బతీసే సెప్సిస్‌గా మారిందన్నారు. అప్పటికి కూడా సీఆర్‌పీ 96 మాత్రమే. డాక్టర్లు దానికోసం ఆగకుండా రక్తపోటు, కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే లాక్టేట్ చూసి, ఏ బ్యాక్టీరియానో తేల్చే కల్చర్ పరీక్షకు రక్తం తీసిన వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. మర్నాడు సీఆర్‌పీ 288కి చేరింది. ఆ రోజే రక్తపోటు నిలబెట్టే నోర్అడ్రినలిన్ మందు మోతాదు తగ్గించారట, అంటే అంకె ఇంకా పైకి పోతుండగానే నేను గట్టెక్కుతున్నాను. తర్వాత 190, 104, 61. ఆ ప్రోటీన్ అర్ధాయువు, అంటే రక్తంలో ఉన్నది సగానికి తగ్గే సమయం, సుమారు 19 గంటలు. అంకె ఇలా దిగుతోందంటే కాలేయం దాని తయారీ బాగా తగ్గించిందని మంచం మీద లెక్క కట్టుకున్నాను.

తొమ్మిదో రోజు ఇంటికి వచ్చాక కుక్కర్ దించే బలం కూడా లేదు. మూడు నెలలకు సీఆర్‌పీ 3. అదే వారం దువ్వెన నిండా జుట్టు ఊడి వచ్చింది.

క్లినిక్ కాగితం పారెయ్యలేదు. 14 పక్కన పెన్నుతో రాసుకున్నాను: చలి మొదలు 6.10, రక్తం తీసింది 7.40. ఈసారి పాఠానికి క్లినిక్ పేరు మడిచిపెట్టి దానినే తీసుకెళ్లాను.