పిన్ని అడిగిన సీసా

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో ల్యాబ్ ఉద్యోగంలో చేరి ఏడేళ్లయింది. డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతుంది. శనివారమైనా సరే, వెళ్లి గిన్నెల్లో పెంచే కణాలకి మీడియం, అంటే అవి బతికే పోషక ద్రవం, మార్చాల్సిందే. మనిషి శరీరం నుంచి తీసి పెంచే మామూలు కణాలు మహా అయితే సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయి. 1961లో హేఫ్లిక్, మూర్‌హెడ్ అనే శాస్త్రవేత్తలు ఈ సంగతి బయటపెట్టారు. ఆగిపోయిన కణం వెంటనే చావదు. వెడల్పుగా పరుచుకుని, పక్కవాటిని పాడుచేసే పదార్థాలు వదులుతూ ఉంటుంది. రంగు వేస్తే నీలంగా కనిపిస్తుంది.

అలా ముసలితనాన్ని రోజూ మైక్రోస్కోప్‌లో చూస్తాను. హైదరాబాద్ నల్లకుంటలో మా పిన్ని ముసలితనం మాత్రం రెండేళ్లకోసారి, సెలవుకి వచ్చినప్పుడు ఒక్కసారిగా కనిపిస్తుంది. ఈసారి గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది.

కాఫీ ఇస్తూ అడిగింది. "ఒరేయ్, వయసు తగ్గించే పెప్టైడ్ ఇంజెక్షనట. మీ ఊళ్లోనే కనిపెట్టారటగా. రెండు సీసాలు పంపించరా."

మా ఊళ్లోనే, నిజమే. 2017లో ఎరాస్మస్ వైద్య కేంద్రం వాళ్లు ఫాక్సో4-డీఆర్ఐ అనే పెప్టైడ్ (చిన్న ప్రొటీన్ ముక్కలాంటిది) గురించి ప్రచురించారు. ముసలి కణంలో ఫాక్సో4 అనే ప్రొటీన్, కణాన్ని చంపగల పీ53 అనే మరో ప్రొటీన్‌ని పట్టి ఉంచడం వల్ల ఆ కణం చావకుండా మిగులుతుంది. ఈ పెప్టైడ్ ఆ పట్టు విడిపిస్తుంది, దాంతో ముసలి కణం చచ్చిపోతుంది. త్వరగా ముసలివయ్యే ఎలుకల్లో బొచ్చు ఒత్తుగా పెరిగింది, కిడ్నీల పనితీరు మెరుగైంది.

"అది ఎలుకల్లో, పిన్నీ" అన్నాను. ముసలి కణాలన్నీ శత్రువులు కావని, గాయం మానడానికి కొన్ని కావాలని చెప్పాను. మేం తెప్పించే పెప్టైడ్‌ని దండ గుచ్చినట్టు ఒక్కో అమైనో ఆమ్లం చేర్చి తయారుచేస్తారు. సీసా మీద 95 శాతం శుద్ధి అని ఉంటే, మిగతా 5 శాతంలో మధ్యలో తెగిన దండలు కూడా ఉండొచ్చు. గిన్నెలో పెంచే కణాల మీద ప్రయోగానికి అది చాలు. మనిషి ఒంట్లోకి ఎక్కించడానికి చాలదు. అందుకే దాని మీద 'పరిశోధనకు మాత్రమే' అని రాస్తారు.

పిన్ని కాసేపు మాట్లాడలేదు. "మరి నాతో వాకింగ్‌కి వచ్చే ఆవిడ అప్పుడే రెండు డోసులు వేయించుకుందిరా" అంది.

ఆ సాయంత్రమే ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. ఆవిడ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కనున్న సీసా తీసి చూపించారు. లేబుల్ మీద పేరు తప్ప ఏమీ లేదు. ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో కూడా లేదు. మూడో డోసు వేయించుకోవద్దని, ఆ సీసా తీసుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లమని బతిమాలాను. సరేనన్నారు.

రాత్రి పిన్ని మోకాళ్ల కోసం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. నాలుగు రోజుల తర్వాత గానీ దొరకలేదు. ప్రయాణం వాయిదా వేసి, శనివారం నా కణాలకి మీడియం మార్చమని ల్యాబ్‌లో తోటివాడికి మెసేజ్ పెట్టాను.