ఆర్‌సీసీబీ ముందు చిన్న ఇళ్ళకే కావాలి

మా అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో వైరింగ్ మాట వచ్చినప్పుడు ప్రతి ఫ్లాట్‌కీ ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్, పెట్టిద్దామండీ అన్నాను. "ఎంసీబీలు ఉన్నాయిగా, మళ్ళీ ఇదెందుకు దండగ" అన్నారు ఒక పెద్దాయన. బెజవాడలో చాలామంది అనుకునేది ఇదే, అందుకే ఇంత రాస్తున్నా.

ఎంసీబీ, అంటే లోడ్ ఎక్కువైతే దానంతటదే పడిపోయే స్విచ్, ఉన్నది వైరు కాలిపోకుండా చూడ్డానికి, మనిషి కోసం కాదు. 16 ఆంప్స్ ఎంసీబీ ఆ 16 దాటితేగానీ కదలదు, మనిషి గుండె ఆగిపోడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. ఆర్‌సీసీబీ అలా కాదు, ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్‌లో అంతా తిరిగొచ్చిందా లేదా అని చూస్తూ ఉంటుంది, ఇళ్ళకి పెట్టే రకంలో 30 మిల్లీయాంప్స్ తేడా వచ్చిందంటే, అంటే అంత కరెంటు మనిషిలోంచో ఇంకెక్కడి నుంచో లీకవుతోందంటే, సెకనులో మూడో వంతు లోపే కట్ చేసేస్తుంది. ఎర్తింగ్ సరిగ్గా లేని ఇంట్లో కూడా పనిచేస్తుంది, కాకపోతే అక్కడ మనకి ఒక్క షాక్ తగిలాకే పడుతుంది, ఎర్తింగ్ ఉంటే మనం ముట్టుకోకముందే పడుతుంది. ఫేజూ న్యూట్రల్ రెండూ ఒకేసారి పట్టుకుంటే మాత్రం ఇదీ కాపాడలేదు, అదీ చెప్పాలి.

మరి రూల్ లేదా అంటే ఉంది. 2010 నాటి సీఈఏ (కేంద్ర విద్యుత్ అథారిటీ) సేఫ్టీ రెగ్యులేషన్స్‌లో లీకేజీ కరెంటుకి ఇలాంటి పరికరం ఉండాలన్నారు, కానీ 250 వోల్టులు దాటని సప్లై మీద 5 కిలోవాట్ల లోపు లోడ్ ఉన్నవాటికి మినహాయింపు ఇచ్చారు. 2023లో రెగ్యులేషన్స్ మళ్ళీ కొత్తగా రాశారు సరే, నా గొడవ అసలు లోడ్‌ని బట్టి మినహాయింపు ఇవ్వడం మీదే. మే నెలలో సింగ్‌నగర్‌లోనో కొత్తపేటలోనో అద్దె పోర్షన్‌లోకి వెళ్ళి చూడండి, రేకు బాడీ కూలరు, దాని కింద నీళ్ళు, రెండు పిన్నుల ప్లగ్గు, పిల్లలేమో చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు. ఆ కూలరు తినే కరెంటు 200 వాట్లు ఉంటుందేమో. బకెట్‌లో హీటర్ రాడ్డూ ఇలాంటి ఇళ్ళలోనే, ఇనప తీగ దండేలూ ఇలాంటి ఇళ్ళలోనే. నాలుగు ఏసీలున్న ఇంటికి తప్పనిసరి, వీళ్ళకి అక్కర్లేదు అంటే ఎలా? పైగా రెండు వేల చుట్టుపక్కల ఖర్చు పెట్టాల్సింది ఓనరు, కూలరు ముట్టుకునేది అద్దెకున్నవాళ్ళు. అందుకే ఎవరిష్టం వాళ్ళది అంటే ఇది జరగదు, తప్పనిసరి చేయాల్సిందే.

ఎలక్ట్రీషియన్లు చెప్పే అభ్యంతరం ఒకటుంది, అది నిజమే. "ఊరికే పడిపోతుంది సార్, కస్టమర్ రోజూ ఫోన్ చేస్తాడు" అంటారు. చాలా ఇళ్ళలో దీనికి కారణం ఇన్వర్టర్. ఇన్వర్టర్ లైనుకి వేరే న్యూట్రల్ లాగకుండా ఉన్నదాంట్లోనే కలిపేస్తారు, వెళ్ళిన కరెంటు ఒక దారి వచ్చేది ఇంకో దారి అయ్యేసరికి అది లీకేజీ అనుకుని పడిపోతుంది. అప్పుడేం చేస్తారంటే ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ చేసేస్తారు. మాకు తెలిసినవాళ్ళ ఇంట్లో డీబీ, అంటే ఈ స్విచ్‌లన్నీ ఉండే పెట్టె, మూత తీయించి చూశాను, ఇంట్లోకి వెళ్ళే రెండు వైర్లూ ఆర్‌సీసీబీ కింద నుంచి పీకేసి పైన మెయిన్ వచ్చే చోటే బిగించి ఉన్నాయి. టెస్ట్ బటన్ నొక్కితే మీట టక్కున పడింది, ఫ్యాన్ మాత్రం తిరుగుతూనే ఉంది! ఆ ఇంట్లో అందరూ సేఫ్టీ ఉందనే అనుకుంటున్నారు.

కాబట్టి పాత ఇళ్ళన్నిటికీ రేపటి నుంచే అంటే ఇలాంటి డైరెక్ట్‌లే పెరుగుతాయి. కొత్త ఇల్లు వైరింగ్ చేసేటప్పుడే ఇన్వర్టర్‌కి న్యూట్రల్ విడిగా లాగితే అయ్యేది కాస్త వైరు ఖర్చే. పాతవాటికి లోడ్ పెంచినప్పుడో, మీటరు పేరు మార్చినప్పుడో అడగొచ్చు. అమెరికాలో కూడా ఒక్కసారిగా పెట్టలేదు, 1970ల మొదట్లో ఇంటి బయట ప్లగ్గులకి, 1975లో బాత్రూములకి, 1987లో వంటింటికి, ఇలా పెంచుకుంటూ పోయారు. 2024 సెప్టెంబరులో బుడమేరు ఇళ్ళల్లోకి వచ్చి స్విచ్‌బోర్డులు మునిగిన ఊరు మనది, కనీసం అప్పుడు మునిగిన ఇళ్ళతోనైనా మొదలుపెట్టొచ్చు కదా.

మీ ఇంట్లో ఆర్‌సీసీబీ ఉంటే ఇవాళే ఆ టీ అని రాసున్న బటన్ నొక్కి చూడండి. ఇన్వర్టర్ ఉంటే ముందు దాన్ని ఆపండి. మీట పడాలి, దాంతోపాటు ఇంట్లో కరెంటూ పోవాలి. రెండింట్లో ఏది జరగకపోయినా ఎలక్ట్రీషియన్ని పిలిచి, మూత మీ ఎదురుగానే తీయించండి.