ఏ మీట మీద కన్నుండాలె

‘నీ మాట నాకొద్దు, టేబుల్‌ల చూపియ్.’ లైగో అనే గురుత్వ తరంగాల డిటెక్టర్ కాడ షిఫ్ట్‌ల ఉన్న ఆపరేటర్ మొఖం మీదనే ఇట్లంటే నల్గొండోళ్లకు చురుక్కుమంటది. మన దిక్కు పెద్దమనిషి నోటితోని చెప్తే అయిపాయె. ఇక్కడ గెయిన్‌ల (సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే విలువల) ఒక్క అంకె మారినా, ఎవరు మార్చిన్రో ఎందుకు మార్చిన్రో లాగ్‌ల రాసేదాక డిటెక్టర్‌ను అబ్జర్వింగ్‌ల (డేటా పట్టే పనిల) పెట్టరు.

గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంల లేచే అలలను, పట్టే లైగో డిటెక్టర్‌కు ఒక్కో చెయ్యి 4 కిలోమీటర్ల పొడుగు. అద్దాలను కుదురుగ పట్టే సర్వోల గెయిన్లు, ఆఫ్‌సెట్లు, ఫిల్టర్ స్విచ్చులు అన్నీ ఎపిక్స్ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్ల చానళ్లే, వేలకు వేలు. ఎస్‌డీఎఫ్ అనే ప్రోగ్రాం ఇప్పటి విలువను స్నాప్ ఫైల్‌ల దాచిన విలువతోని పోల్చి, తేడా ఉంటే టేబుల్‌ల లైను చూపిస్తది. కొత్త విలువను ఒప్పుకోవచ్చు, పాతదానికి తిప్పచ్చు, లేకుంటే ఆ చానల్‌ను ‘మానిటర్ చేయొద్దు’ల పడేయచ్చు. లొల్లంత ఈ మూడోదాని కాడనే. నొక్కంగనే తెర పచ్చబడతది. మనకు రాతకోతలు నేర్పేటోళ్లు గుడ తొందరల ఉంటే అదే నొక్కుతరు, ఆ ముచ్చట మాత్రం ఎవరు ఎత్తరు.

మనిషి చేత్తోని పెట్టి, అట్లనే ఉండాల్సినదాన్ని అస్సలు వదలొద్దు. కాలిబ్రేషన్ లైన్ల (కొలతను సరిచూసుకోనీకి కావాలని కలిపే సిగ్నళ్ల) ఫ్రీక్వెన్సీ మారితే సిగ్నల్ కొలతే తప్పుతది. భూకంపమప్పుడు పెంచిన వాచ్‌డాగ్ (అద్దం మరీ ఊగితే తోసుడు ఆపే కాపలా) హద్దును అట్లనే మర్చిపోతే, ఇంకోసారి అద్దాన్ని కాపాడాల్సినప్పుడు అది ట్రిప్ కాదు.

గార్డియన్ ఆటోమేషన్ లాక్‌కు (అద్దాలన్నీ కుదురుకున్న స్థితికి) పోయే దారిల మెట్టుమెట్టుకు గెయిన్లు మారుస్తది. దారిల మారినా ఆఖరి మెట్టు మీద ఒక్క విలువ కాడ ఆగేదుంటే, సేఫ్ ఫైల్‌ల (కంప్యూటర్ లేచేటప్పటిది) ఒకటి, అబ్జర్వ్ ఫైల్‌ల (డేటా పట్టేటప్పటిది) ఇంకొకటి రాసుకొని చూడాలె. కెమెరా సర్వో నిలబడకుంట రాసే ఆఫ్‌సెట్లు, అలైన్‌మెంట్ చేసినప్పుడల్ల జరిగే స్లైడర్లు వదిలెయ్యాలె. ఎప్పుడు చూసినా ముప్పై ఎర్ర లైన్లుంటే ముప్పై ఒకటోది ఎవని కంటా పడది, అన్నిటిని ఒక్కపారే ఒప్పుకొనుడు అలవాటైతది. ఫిల్టర్ మాడ్యూల్‌ల 10 ఫిల్టర్లు, ఇంక ఇన్‌పుట్, ఔట్‌పుట్, లిమిట్ స్విచ్చులుంటయి. గార్డియన్ ఒక్క ఫిల్టర్‌నే తిప్పుతుంటే ఆ ఒక్క స్విచ్చు బిట్‌కే మాస్క్ వెయ్యాలె (పోల్చకుంట వదలాలె), మాడ్యూల్ మొత్తాన్ని కాదు.

కంప్యూటర్ రీబూట్ అయితే విలువలు సేఫ్ ఫైల్ నుంచే లేస్తయి, అందుకే అండ్ల అద్దాన్ని తోసే ఔట్‌పుట్లు ఆఫ్‌ల ఉండాలె. మన బోరు ఆటో స్టార్టర్‌కు ఇది పూర్తిగ ఉల్టా. ఆ ముచ్చట చెప్తే ఇక్కడోళ్లు నవ్వుతరు. నవ్వనీ. అర్ధరాత్రి కరెంటొస్తే పాముల నడుమ బాయికాడికి ఎవరు పోవాలె? 2018 జనవరి 1 నుంచి తెలంగాణల సాగుకు 24 గంటల కరెంటాయె, ఆటో స్టార్టర్లు తీసెయ్యుమని సర్కారే చెప్పె. ఎందుకు పెట్టిన్రో ఊరంతటికి ఎరుకే కాబట్టి ఎక్కడా రాసుకోలే. ఇక్కడ మాత్రం షిఫ్ట్ మారంగనే మనిషే మారిపోతడు, ఆ ఎరుక వానితోనే ఇంటికి పోతది. వీళ్ల రాత పిచ్చిని నేను గంతవరకు ఒప్పుకుంట.

2015 సెప్టెంబర్ 14న తొలి సిగ్నల్ దొరికినంక డిటెక్టర్ల సెట్టింగులను కదపకుంట ఉంచిన్రు. రెండు డిటెక్టర్లు కలిసి నడిచిన 16 రోజుల డేటాతోని అది ఉత్త చప్పుడు కాదని లెక్క కట్టిన్రు. నడుమల ఎవడన్న గెయిన్ మార్చి ఊకుంటే ఆ లెక్క నిలబడకపోవు.

హైదరాబాద్ సంస్థానంల మనతోనే ఉన్న, ఇప్పుడు మహారాష్ట్రల ఉన్న హింగోలిల లైగో-ఇండియా కట్టనీకి 2023ల కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది. పాలమూరు, నల్గొండ పిల్లలు అక్కడ చేరితే, కొత్త సిస్టంల మొదలు అన్నిటిని మానిటర్‌ల పెట్టుండ్రి. కొన్ని లాక్‌లు పోనియ్యుండ్రి. ఏ లైను మాటిమాటికి ఎగుర్తదో, దాన్ల రాసేది మనిషా, గార్డియనా, సర్వోనా తెలిసినంకనే తీయుండ్రి. రెండు విలువలు తెర మీద ఒక్క తీరుగనే కనబడి గుడ లైను పోతలేదంటే, తేడా తెర చూపియ్యని ఆఖరి దశాంశాలల్ల ఉంటది. గప్పుడు చానల్‌ను వదిలెయ్యకుండ్రి, స్క్రిప్ట్‌ల విలువను గుండ్రంగ చేసి రాయుండ్రి.