పురుగుమందు తాగిన కేసులు, మా అమ్మాయి ప్రశ్నలు

మా పెద్దమ్మాయి ఇంగ్లండ్‌లో మేముండే లీడ్స్‌లోనే నర్సింగ్ రెండో ఏడు చదువుతోంది. ఇక్కడి తెలుగువాళ్లలో పిల్లలకు మెడిసిన్ సీటొచ్చిందంటే మురిసిపోతారు, కంప్యూటర్స్ అంటే మంచిదంటారు, నర్సింగ్ అనేసరికి "అయ్యో, గ్రేడ్లు రాలేదా?" అని జాలిపడతారు. ఆ జాలి నాకు పాతదే. 1995లో నేను వరంగల్‌లో జనరల్ నర్సింగ్‌లో చేరినప్పుడు మా మేనత్త హనుమకొండలోని మా ఇంటికొచ్చి మరీ నాన్నను నిలదీసింది: "పరాయోళ్ల పెయ్యి కడిగే కొలువు ఆడపిల్లకెందుకురా? రేపు సంబంధాలెట్లొస్తయి?" సంబంధం వచ్చింది, ఆ కొలువు చూసే వచ్చింది. 2000 తర్వాత ఇంగ్లండ్ ఆసుపత్రులు మన నర్సులను తీసుకుంటున్న రోజుల్లో ఆ సర్టిఫికెట్టే మమ్మల్నిద్దరినీ విమానం ఎక్కించింది. మేనత్త ఇప్పుడు ఆ సంగతి ఎత్తదు.

బయటి దేశంలో పిల్లల్ని పెంచేవాళ్లు చేసేవన్నీ నేనూ చేశాను. శనివారం తెలుగు బడి, కూచిపూడి క్లాసు, తంగేడు దొరక్క సూపర్ మార్కెట్ చామంతులతో పేర్చిన బతుకమ్మ. పిల్లలు ఏడవకుండా వచ్చారు, పెద్దయ్యాక చల్లగా మానేశారు. వాళ్లకు అంటుకున్నవి మాత్రం నేను ఏ ఉద్దేశమూ లేకుండా చెప్పిన వార్డు కథలు. నైట్ డ్యూటీ దిగి వచ్చి, వాళ్లను స్కూలు దాకా నడిపించుకుంటూ వెళ్లేటప్పుడు నిద్ర ఆపుకోవడానికి ఏదో ఒకటి మాట్లాడాలి కదా. అట్లా మొదలైంది. చిన్నోడికి రక్తం మాట వినబడితేనే కళ్లు తిరుగుతాయి కాబట్టి వాడు ముందు నడిచేవాడు. పెద్దది చెయ్యి వదిలేది కాదు.

హాస్టల్ కథలు నవ్వులాటకే. టోపీలకు గంజి పెట్టి, ఆరబెట్టి, మడత చెడకుండా పెట్టెలో దాచుకోవడం. గాజు సిరంజీలు మరగబెట్టడం. ఖాళీ దొరికితే చాలు, గాయాలకు వేసే గాజ్ గుడ్డ పీసులు కత్తిరించి మడతపెట్టి డ్రమ్ముల్లో సర్ది, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌కు పంపడం. ఆ మడతలు చేతికి ఎంత పట్టేశాయంటే ఇప్పటికీ ఇంట్లో నాప్కిన్లు అట్లాగే మడుస్తాను. మా ట్యూటర్లలో కేరళ వాళ్లు ఎక్కువ. వాళ్ల తెలుగు మాకు నవ్వొచ్చేది, మా ఇంగ్లిష్ వాళ్లకు నవ్వొచ్చేది. దీపాలు పట్టుకుని నర్సులు చేసే నైటింగేల్ ప్రతిజ్ఞ చదివిన రోజు నాన్న ముందు వరుసలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాడు. ఆ ప్రతిజ్ఞ నైటింగేల్ రాసింది కాదని, 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ అనే నర్సు ఆధ్వర్యంలో తయారైందని మా అమ్మాయి చెప్తేనే నాకు తెలిసింది.

కానీ ఆమె మళ్లీ మళ్లీ అడిగేది ఆ కథలు కాదు. 1997-98 చలికాలం గురించి.

అప్పటి వరంగల్ జిల్లా అంటే ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్, జనగామ అన్నీ కలిసినది, 2016లో ముక్కలు చేశారు. ఆ ఏడు పత్తిని పురుగు తినేసింది. పురుగుమందు అమ్మే షాపు వాళ్లే అప్పులిచ్చారు, మిత్తీలు కట్టే దారి లేదు. పురుగుకు కొట్టే మోనోక్రోటోఫాస్ డబ్బా ప్రతి ఇంటి మూలన ఉండేది. రాత్రి అయ్యేసరికి అది తాగినవాళ్లను జీపుల్లో, ట్రాక్టర్లలో తెచ్చేవాళ్లు. వార్డు తలుపు తెరవకముందే వాసన వచ్చేది.

ముందు బట్టలు విప్పి ఒళ్లంతా సబ్బుతో కడగాలి, ఎందుకంటే మందు చర్మంలోంచి కూడా ఎక్కుతుంది. ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేసి కడుపు కడగాలి. ఆ తర్వాత విరుగుడు ఇంజెక్షన్, అట్రోపిన్. ఒక్కో ఆంప్యూల్‌లో ఉండేది 0.6 మిల్లీగ్రాములే, కొందరికి అవి డజన్ల కొద్దీ కావాలి. డాక్టర్ చెప్తుంటే మేం విరుస్తూ, సిరంజిలోకి లాగుతూ ఉండేవాళ్లం. తెల్లారేసరికి బొటనవేళ్ల నిండా గాజు గాట్లు. నోట్లో నురగ ఆగిందా, ఛాతీలో గురగుర తగ్గిందా, నాడి పెరిగిందా, కంటిపాప విచ్చుకుందా, ఇవి చూసి చార్టులో రాయడం స్టూడెంట్ పని. అట్రోపిన్ మోతాదు ఎక్కువైతే మనిషికి మతి తప్పుతుంది. గాలిలో ఏదో ఏరుతుంటాడు, లేచి చేనుకు పోతానంటాడు. బ్యాండేజీతో చేతులు మంచానికి కట్టేవాళ్లం.

మర్నాడు లేచి కూర్చుని బువ్వ అడిగితే గండం గడిచిందని చుట్టాలు మొక్కుకునేవాళ్లు. మాకు అసలు భయం అప్పుడే. ఒకటి నుంచి నాలుగు రోజుల లోపల కొందరికి మెడ పట్టు తప్పుతుంది, వెనకే ఊపిరి తగ్గుతుంది. అందుకే మా ట్యూటర్ మాకు అప్పజెప్పిన పని ఒకటే: మంచం దగ్గరికి పోయినప్పుడల్లా "దిండు మీంచి తల ఎత్తు తాతా" అని అడగాలి. ఎత్తలేకపోతే డాక్టర్ దగ్గరికి పరుగు. వెంటిలేటర్ ఖాళీ లేకపోతే చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగ్, అది నొక్కడానికి పేషెంట్ తమ్ముడో కొడుకో. ఎట్లా నొక్కాలో, ఎంత వేగంగా నొక్కాలో నేర్పించేది మేమే. మా వయసు అప్పుడు ఇరవై దాటలేదు.

"మీకు పైన ఎవరున్నారు?" అని అడిగింది మా అమ్మాయి, ఈ కథ విని. ఒక స్టాఫ్ నర్సు ఉండేది, ఆమెకు రెండు వార్డులు. "అంటే స్టూడెంట్లతో వార్డు నడిపించారన్న మాట. అది తప్పు కదా మమ్మీ."

ఆమె చదువులో లెక్క వేరు. బ్రిటన్‌లో నర్సింగ్ విద్యార్థి 2,300 గంటలు ప్రాక్టీసు చేయాలి, కానీ ఆ గంటల్లో సిబ్బంది లెక్కలో కలపకూడదు, నేర్చుకోవడానికి వచ్చిన మనిషిగానే చూడాలి. తన మీద ఒక ప్రాక్టీస్ సూపర్‌వైజర్ ఉంటుంది. ఏది చేసినా ఆమె సంతకం కావాలి. ఈ పద్ధతే మంచిదని నేను ఒప్పుకుంటాను, నా బిడ్డ ఒంటరిగా రాత్రి వార్డు చూడాలని నేనెందుకు కోరుకుంటాను? అయితే "నిన్ను వాడుకున్నారు" అని తను తేల్చేస్తే మాత్రం నాకు ఒప్పదు. మాకు కొద్దో గొప్పో స్టైపెండ్ ఇచ్చేవాళ్లు. ఈమె ఫీజుకు లోన్ తీసుకుంది. ఇంగ్లండ్‌లో నర్సింగ్ విద్యార్థులకిచ్చే బర్సరీ (చదువు భత్యం) 2017లో ఎత్తేశారు, 2020 నుంచి ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు ఇస్తున్నారు, అది ఏ మూలకూ చాలదు. వారాంతాల్లో కేర్ హోమ్‌లో పనిచేస్తుంది. ఎవరిని ఎవరు వాడుకుంటున్నారే అని అడిగితే నవ్వేసి లేచిపోతుంది.

మా ఇద్దరికీ ఇంకా తేలనిది అటెండెంట్ల సంగతి, అంటే పేషెంటు వెంట వచ్చే ఇంటివాళ్లు. వరంగల్‌లో ఒక పేషెంటుకు ముగ్గురు వచ్చేవాళ్లు. ఒకరు మంచం పక్కన, ఒకరు మందుల షాపు దగ్గర, ఒకరు మంచం కింద చాప మీద నిద్ర. వాళ్లతో తలనొప్పి చెప్పలేను. సద్ది గిన్నెలు, బీడీలు, అందరి ముందూ పేషెంటు గుట్టంతా విప్పి చెప్పుకోవడం. తెరలు ఉండేవి కావు. ఆడవాళ్లకు బెడ్‌పాన్ పెట్టేటప్పుడు ఇద్దరం చీర కొంగులు పట్టి నిలబడేవాళ్లం. ఇదంతా విని మా అమ్మాయికి కోపం వస్తుంది, అది న్యాయమైన కోపమే. ఇక్కడ మాత్రం తెర ఉంటుంది, గుట్టు ఉంటుంది, మంచం పక్కన మనిషి ఉండడు. నేను వచ్చిన కొత్తలో కేర్ హోమ్‌లో పనిచేసినప్పుడు ఆదివారం కోసం ఎదురుచూసే ముసలివాళ్లను చూసి, వీళ్లకు మనలా చాప మీద పడుకునే తమ్ముడొకడు ఉంటే బాగుండు అనుకున్నాను.

పోయిన నెల మా అమ్మాయి ప్రాక్టీసు చేస్తున్న వార్డులో ఒక పంజాబీ పెద్దావిడ తినడం మానేసిందట. కుటుంబం గుంపుగా వస్తోందని వార్డు వాళ్లు విసుక్కుంటున్నారట. మా అమ్మాయి సూపర్‌వైజర్‌ను అడిగి, భోజనం వేళ ఒక కొడుకు ఉండేట్టు ఒప్పించింది. ఆవిడ అతని చేతి ముద్ద తిన్నది. దానికి తోడు మింగడం సరిగా ఉందో లేదో ముందు పరీక్ష చేయించింది, ఎవరేం పెట్టారో చార్టులో రాసింది. మాకు ఆ పరీక్ష, ఆ రాత ఎవరూ నేర్పలేదు. పెట్టినవాళ్లు పెట్టేవాళ్లు, పొలమారితే మేం పరుగెత్తేవాళ్లం.

వచ్చే ఏడు కోర్సులో కొన్ని వారాలు బయటి దేశంలో గడపొచ్చు, వరంగల్ పోతానంటోంది. నాకు టెన్షన్. ఎండలు, దోమలు, ఆమె తెలుగు. అటెండెంట్లు ఏదైనా తినమంటే కాదనకు, ఎమ్మెల్సీ (మెడికో-లీగల్, అంటే పోలీసుల దాకా పోయే) కేసు దగ్గర నోరు తెరవకు, ఫోటోలు తీయకు అని ఇప్పటి నుంచే చెప్తున్నాను. ఆ మూడోది తమకు మొదటి వారమే నేర్పారంది. హనుమకొండలో మా అమ్మ మాత్రం సంబరపడిపోతోంది. డ్యూటీ ఎన్ని గంటలకు దిగుతుందో చెప్తే అన్నం వేడిగా పెడతానంటోంది. ఊరికే చూసి నేర్చుకోవడానికే వస్తోందని, రాత్రిళ్లు ఉండదని ఎంత చెప్పినా వినదు. "దవాఖానన్నంక నైట్ డ్యూటీ లేకుండ ఉంటదా బిడ్డా" అని ఫ్లాస్కు కొని పెట్టింది.