కోళ్ల గూట్లో కడప బండలు: ఆరు నెలల లెక్క

ఇంటికి పరిపించగా మిగిలిన కడప బండలు పెరట్లో గోడకు ఆనించి ఉండేవి. రెండడుగుల చదరాలు, పన్నెండు. జూన్‌లో కోళ్ల గూడు 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పుతో కట్టించాను కాబట్టి సరిగ్గా సరిపోయాయి. పైన రేకు, మూడు వైపులా జాలీ. పద్నాలుగు నాటు పెట్టలు, ఒక పుంజు.

జూన్, జూలై
నల్లగా నున్నగా ఉన్న నేల చూసి మురిసిపోయి రోజూ పొద్దున్నే పైపుతో కడిగేవాణ్ణి. పది రోజులకే వాసన మొదలైంది. బండ పెద్దగా నీళ్లు పీల్చదు, నిజమే. కానీ బండకీ బండకీ మధ్య సందులు పీలుస్తాయి, అందులోకి రెట్ట కూడా దిగుతుంది. ఒకరోజు చిరాకొచ్చి తడి రెట్ట మీదే బ్లీచింగ్ పౌడర్ చల్లాను. కళ్లు మండి, దగ్గు ఆగలేదు. రెట్టలోని అమ్మోనియాతో బ్లీచింగ్ కలిస్తే విషవాయువు పుడుతుందని తర్వాత తెలిసింది. అప్పటికి కోళ్లు బయట తిరుగుతున్నాయి కాబట్టి సరిపోయింది.

అవ్వ అరుగు మీద కూర్చుని రెండు నెలలు చూసి, "యాలరా అన్ని నీళ్లు? అవి కోళ్లు నాయనా, బాతులు కాదు" అనింది.

ఆగస్టు
నీళ్లు మానేశాను. గూడు ఖాళీ చేసి, సందులన్నీ గీకి సిమెంటు పూశాను. వాసన పోగొట్టడానికి మొదలుపెట్టిన పని గానీ, గీకుతుంటే గోమార్లు బయటపడ్డాయి. పగలు సందుల్లో దాక్కుని, రాత్రి కోళ్ల రక్తం తాగుతాయి. గోడలకు, కర్రలకు సున్నం కొట్టి, రెండు రోజులు ఎండనిచ్చి, మూడంగుళాల మందాన శనక్కాయల పొట్టు పరిచాను. మూడు బస్తాలు పట్టింది. ఊక కూడా పనికొస్తుంది గానీ మాకు పొట్టే సులువుగా దొరుకుతుంది. పైగా అందులో మిగిలిన పప్పు ముక్కల కోసం కోళ్లు రోజంతా గీకుతూనే ఉంటాయి. ఒక్కటే జాగ్రత్త: మిల్లు నుంచి తెచ్చిన పొట్టును ఎండబెట్టి, చెయ్యి పెట్టి వాసన చూడాలి. బూజు వాసన వస్తే కోళ్లకు ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, ఆ బస్తా వద్దు.

రాత్రి కర్ర మీద కూర్చున్నప్పుడే సగం రెట్ట పడుతుంది. దాని కింద పాత ఎన్నికల ఫ్లెక్సీ పరిచాను. పొద్దున్నే లాగి గుంతలో దులిపేస్తే ఐదు నిమిషాల పని. నాయకుడి ముఖం కిందికి పెట్టాను, వీధిలో గొడవలెందుకని.

అక్టోబర్
ఈశాన్య రుతుపవనాల జల్లు జాలీ లోంచి కొట్టింది. నీళ్ల గిన్నె చుట్టూ పొట్టు పెళ్లలు కట్టింది. నాలుగు రోజులు పట్టించుకోలేదు. మూడు కోడిపిల్లలకు రక్తపు రెట్ట. పశువుల డాక్టర్ చూసి, "తడి నేల వల్ల కాక్సీడియోసిస్" అని, అంటే పేగుల్లో పెరిగే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బని చెప్పి, ఆంప్రోలియం అనే మందు నీళ్లలో కలిపి ఇమ్మన్నారు. రెండు బతికాయి, ఒకటి పోయింది. రెట్టలో పడే ఆ పరాన్నజీవి గుడ్లకు తేమ, వెచ్చదనం ఉంటే చాలు, ఒకట్రెండు రోజుల్లోనే అంటుకునే స్థితికి వస్తాయి. మామూలు ఫినాయిల్‌కు లొంగవు. నేల పొడిగా ఉంచడమే మందు.

తడి పొట్టు బండ కనిపించేదాకా తీసేశాను. కింద పల్చగా సున్నం పొడి చల్లి, సాయంత్రం దాకా కోళ్లను లోపలికి రానివ్వలేదు. నీళ్ల గిన్నెను కోడి వీపు ఎత్తుకు ఇటుకల మీద పెట్టి, కింద కంకర నింపిన తట్ట ఉంచాను. జల్లు వైపు టార్పాలిన్.

నవంబర్, డిసెంబర్
ఇప్పుడు కొలత చెయ్యే. పొట్టు గుప్పిట పట్టి నొక్కుతాను. ముద్దయితే తడి ఎక్కువ. దుమ్ములా జారిపోతే మరీ పొడి, కోళ్లు తుమ్ముతాయి. కాస్త అంటుకుని విడిపోవాలి. వారానికోసారి నాలుగు గుప్పిళ్లు జొన్నలు చల్లితే అవే గీకి నేలంతా తిరగేస్తాయి, నా పార పని తగ్గింది. పల్చబడ్డ చోట కొత్త పొట్టు వేస్తున్నాను.

తీసిన చెత్తను నేరుగా చీనీ (బత్తాయి) చెట్టు మొదట్లో వేయలేదు, పచ్చి కోడిపెంట వేళ్లను మాడుస్తుంది. ఎండుటాకులతో కలిపి కుప్ప పోశాను, మూడు నాలుగు నెలలు మాగాలి.

ఇక గడప ఒక్కటే మిగిలింది. పెద్ద వాన వస్తే పెరటి నీళ్లు లోపలికి వస్తున్నాయి, ఒక వరస ఇటుక కట్టించాలి. మేస్త్రి సంక్రాంతి తర్వాత వస్తానన్నాడు. అప్పటిదాకా ఇసుక నింపిన గోనెసంచి అడ్డం పెట్టాను.