కింద ఉండ కడితే పైన చూడండి

కుట్టుమిషన్ల లైన్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలు నన్ను ఎక్కువగా పిలిచేది ఒక్క సమస్యకే. "అక్కా, కింద దారం ఉండ కడుతోంది!" నేను వెళ్లేసరికి కిందిదారం ఉండే బాబిన్ కేస్ బయట ఉంటుంది, స్క్రూడ్రైవర్ దాని చిన్న స్క్రూ మీద ఉంటుంది. దయచేసి దాన్ని తిప్పకండి. పైన నల్లదారం, బాబిన్‌లో తెల్లదారం వేసి నాలుగు కుట్లు వేసి చూడండి. ఆ ఉండ నల్లగా ఉంటే అది పైదారమే.

అడుగున తిరిగే షటిల్ తన చుట్టూ తిప్పుకున్న దారాన్ని మళ్లీ పైకి లాగేది టేకప్ లివర్. లివర్ కన్నంలో దారం దూర్చకపోయినా, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్లల మధ్య అది కూర్చోకపోయినా, మిగులంతా గుడ్డ అడుగునే చేరుతుంది. అందుకే దారం ఎక్కించేటప్పుడు గుడ్డను నొక్కిపట్టే ఫుట్ ఎత్తి ఉంచాలి. అప్పుడే బిళ్లలు విడిపడతాయి. తర్వాత ఫుట్ దించి సూది దగ్గర దారం లాగితే చేతికి బిగువు తెలియాలి. తెలియలేదంటే అది బిళ్లల బయటే ఉంది.

రంగు మార్చేటప్పుడు పాతదారానికి కొత్తది ముడేసి లాగుతాం కదా, పని తొందరగా అవుతుంది, నేనూ అదే చేస్తాను. ముడిని సూది ముందే కత్తిరించాలి, అంతే. కానీ కుట్టు చెడినప్పుడు మాత్రం ముడేయకండి. పాతదారం తప్పుదారిలో ఉంటే కొత్తదీ అదే దారిన పోతుంది. మొత్తం తీసేసి దారం కోన్ పెట్టే స్టాండ్ నుంచి మొదలుపెట్టండి. కోన్‌కి సరిగ్గా నెత్తిమీద కొక్కెం ఉందా, దారం కోన్ కింద చుట్టుకుందా, అది కూడా చూడండి.

ఇక సూది. ఇంటి మిషన్ సూదికి తల ఒకపక్క చదునుగా ఉంటుంది, ఎటు పెట్టాలో ఆ చదును చూస్తే తెలుస్తుంది. జూకీల్లాంటి ఫ్యాక్టరీ మిషన్లలో వాడే డీబీ×1 రకం సూది తల గుండ్రం, ఎటు పెట్టినా దూరిపోతుంది. పొడవుగా ఉండే గాడి మన ఎడమవైపు రావాలి. గోటితో తడిమితే తెలుస్తుంది. పైదాకా నెట్టి బిగించి, దారం ఎడమ నుంచి కుడికి దూర్చండి. సూది కాస్త పక్కకు తిరిగినా కుట్లు వదిలేస్తుంది, దారం తెగుతుంది.

టార్గెట్ ఒత్తిడిలో మిషన్ ఆపకుండానే సూదిలో దారం దూర్చేవాళ్లను చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. పాత క్లచ్ మోటార్ అయితే స్విచ్ ఆపినా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో పెడల్ మీద కాలు పడితే సూది వేల్లోకి దిగుతుంది. మోటార్ చప్పుడు పూర్తిగా ఆగాకే చేయి పెట్టండి.

గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్‌లో సూదిదారం చివరికే ఎక్కించాలి. కింది లూపర్ (దారాన్ని ఉచ్చులా తిప్పే కొక్కెం) దారం తెగితే, ముందు సూదిదారం బయటికి తీసి, లూపర్‌కి ఎక్కించి, తర్వాత మళ్లీ సూదికి వేయండి. లేదంటే కుట్టగానే మళ్లీ తెగుతుంది.

ఇన్ని చేసినా దారం తెగుతుంటే మిషన్ ఆపి, సూది దిగే ప్లేటు కన్నం చుట్టూ పత్తిపోగు తిప్పండి. పోగు ఎక్కడైనా పట్టుకుంటే అక్కడ గరుకు లేచినట్టే. దాన్ని నునుపు చేయించడానికి మెకానిక్‌ని పిలవండి.