పొక్కు తెగులు తర్వాత మా సరుగుడు తోట: నా అనుభవం

భీమిలి దాటాక సముద్రం వైపు మాకు రెండెకరాల ఇసుక నేల ఉంది. అందులో సరుగుడే మాకు అన్నం పెట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు పాత తోట సగానికి పైగా విరిగింది. నాన్న దిగులుపడుతూ కూర్చోలేదు, మళ్లీ వేశారు. ఆ కొత్త తోట మూడో ఏడు దాటాక పడమటి వరుసలో కొన్ని చెట్ల కొమ్మలు పసుపు రంగుకు తిరిగాయి.

నీళ్లు చాలలేదనుకుని తడి పెట్టాం. తగ్గలేదు. మందుల షాపులో ఇచ్చిన పొడి కలిపి రెండుసార్లు కొట్టించాం. అది ఉత్త ఖర్చే అయింది. నెల తిరక్కుండా ఎనిమిది చెట్లు నిలువునా ఎండిపోయాయి. అప్పుడు పక్క తోట బాబాయ్ వచ్చి, "ఆకు కాదురా, బెరడు చూడు" అని ఒక చెట్టు మొదలు దగ్గర కూర్చోబెట్టాడు. బెరడు అక్కడక్కడ ఉబ్బి పొక్కులు కట్టి ఉంది. ఒక పొక్కును బొటనవేలితో నొక్కాను. టప్పున పగిలి, లోపలి నుంచి లాంతరు మసి లాంటి నల్లటి పొడి రాలింది. వేలి గీతల్లోకి దిగిపోయింది. ఇంటికెళ్లి సబ్బుతో కడిగినా వెంటనే వదల్లేదు.

ఆ బెరడు ముక్కను కవర్లో చుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పే తెలిసిన మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. మైక్రోస్కోప్‌లో చూసి, ఇది ట్రైకోస్పోరియం వెసిక్యులోసమ్ అనే శిలీంధ్రం అన్నారు. ఆ నల్లపొడి అంతా దాని బీజాలేనట. గాలికి లేచి పక్క చెట్ల మీద పడతాయి. చెట్టుకు గాయం ఉంటే అందులోంచి లోపలికి దూరి బెరడు కింద పెరుగుతుంది. పైన కొట్టిన మందు అక్కడిదాకా అందదు. "పట్టిన చెట్టుకు వైద్యం లేదు బాబూ. తట్టుకునే రకం వేసుకోవడమే" అన్నారు.

నాన్నకు ఈ మాట చెప్పడమే నాకు అన్నిటికంటే టెన్షన్ అయింది. ఇంకో ఏడాది ఆగితే సెంటరింగ్ కర్రలకు మంచి ధర వచ్చే చెట్లు అవి. ఆయన ఒక పూటంతా మాట్లాడలేదు. సాయంత్రం గొడ్డలి తీసుకుని ఆయనే ముందు నడిచారు. పొక్కులున్న చెట్లను అక్కడికక్కడే నరికి కాల్చేశాం. మిగతా తోటకూ దానికీ మధ్య కందకం తవ్వించాం. అయినా కందకం అవతల మరికొన్ని పోయాయి. చివరికి గట్టిగా నిలిచిన చెట్లను ఉంచి, మిగిలినవి కొట్టించేశాం.

ఇక ఏ రకం వెయ్యాలి? కోయంబత్తూరులోని అటవీ పరిశోధన సంస్థ ఇండోనేషియా మూలమున్న జంగునియానా సరుగుడు నుంచి సీజే-9, సీజే-10 లాంటి క్లోన్లు, అంటే ఒకే తల్లి చెట్టు నుంచి తీసిన అచ్చం అలాంటి మొక్కలు, తయారుచేసింది. ఆ జాతి పొక్కు తెగులును మన నాటు సరుగుడు కంటే బాగా తట్టుకుంటుంది. రెండెకరాలూ అదే వేసేద్దామని నేను తొందరపడ్డాను. మేడమ్ ఆపారు. అమెరికాలోని పైన్ చెట్ల సంగతి చెప్పారు. 1910లో ఫ్రాన్స్ నుంచి కెనడాలోని వాంకూవర్‌కు తెచ్చిన పైన్ నారుతో పాటు ఒక తుప్పు తెగులు పడమటి తీరానికి చేరింది. కొన్ని షుగర్ పైన్ చెట్లలో దాన్ని అడ్డుకునే జన్యువు ఒకటి కనిపించింది. కొన్నేళ్లకు, ఆ ఒక్క జన్యువునూ దాటేసే కొత్త రకం శిలీంధ్రం కాలిఫోర్నియాలో బయటపడింది. ఒకే క్లోన్ అంటే తోటంతా ఒకే చెట్టు కదా. దాని బలహీనత తెలిసిన రోగం వస్తే ఒక్క చెట్టూ మిగలదు. ఈ మాట నా మనసులో బాగా నాటుకుంది.

అందుకే రోడ్డు వైపు రెండు రకాల క్లోన్లు కలిపి వేశాం. సముద్రం వైపు మొదటి వరుసలకు మాత్రం నాటు సరుగుడే ఉంచాలని నాన్న పట్టుబట్టారు. ఉప్పుగాలికి అదే ఆగుతుందని ఆయన నమ్మకం. దానికి విత్తనం బయట కొనలేదు. చచ్చిన చెట్ల మధ్య పొక్కు లేకుండా నిలిచిన పదకొండు చెట్ల కాయలే కోసి ఎండబెట్టాం. విత్తనం ఎంత సన్నగా ఉంటుందంటే, మడిలో చల్లిన రాత్రే చీమలు సగం మోసుకుపోయాయి. రెండోసారి మడి చుట్టూ బూడిద గీత గీసి చల్లాం. మొక్కల వేళ్లకు గాలిలోని నత్రజనిని పట్టే బుడిపెలు రావాలని, రోగం లేని బాబాయ్ తోట నుంచి తెచ్చిన బుడిపెలను నీళ్లలో నూరి పోశాం. ఇంతకుముందు మీటరుకు ఒక మొక్క చొప్పున ఎకరాకు నాలుగు వేలు కుక్కేవాళ్లం. ఈసారి మీటరున్నర ఎడం ఇచ్చాం, గాలి ఆడుతుందని.

ఇప్పుడు ఆ మొక్కలు నా తల దాటాయి. ప్రతి ఆదివారం నాన్న ఒక వైపు నుంచి, నేను ఇంకో వైపు నుంచి మొదళ్లు తడుముకుంటూ నడుస్తాం. పోయినవారం ఒకచోట వేలికి బుడిపె తగిలి గుండె ఆగినంత పనైంది. గిల్లి చూశాను. పచ్చి బెరడే, లోపల నలుపు లేదు. నాన్నను కేకేసి చూపించాను. ఆయన కూడా ఒకసారి నొక్కి చూసి పక్క చెట్టు దగ్గరికి వెళ్లారు.